అయినవాడికి ఆఖరి వడ్డన

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చక్రాల విభాగంలో పనిచేసే ఏబెల్‌కు తానుండే ఖరిదా పేటలో రెండు మారుపేర్లు ఉండేవి. తెలుగు చర్చివారు అతడిని ‘జడ్జిగారు’ అనేవారు. వర్క్‌షాపులోని తోటివారు ‘ర్యాపు మాష్టారు’ అనేవారు. చర్చిలో ఏటేటా జరిగే పాటల పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చోవడం వల్ల మొదటి పేరు వచ్చింది. నలభై దాటిన వయస్సులో కూడా చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, కుర్రకారు పాడే ర్యాప్ పాటలను శ్రద్ధగా వింటూ, వాటి మంచిచెడ్డలను ఇంటర్నెట్‌లో విచారిస్తూ ఉండడం వల్ల రెండవది వచ్చింది. ఈ రెండు పేర్లూ వేరువేరుగా ఉన్నంతకాలం అతడి జీవితం సాఫీగానే సాగింది. ఒకదానిలోని నియమాన్ని రెండవదానిలోకి తీసుకువెళ్ళిన నాటినుంచి అతడి ఇంట ఒక గొంతు మూగపోయింది.

ఏబెల్ తాత భీమిలి దాపునుంచి బాయిలర్ పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. తండ్రి అదే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఏబెల్ హైస్కూలులో ఉండగా, పొరుగున ఉన్న ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఊరు విడిచి వెళ్ళిపోతూ ఒక అట్టపెట్టెడు క్యాసెట్లను వీరి అరుగుమీద వదిలివెళ్ళింది. వాటిలో అమెరికాలోని నల్లజాతి యువకుల పాటలు ఉన్నాయి. రాగం లేదు, ఆలాపన లేదు. తాళానికి అంగుళం తప్పకుండా నడిచే మాటల వరుస మాత్రమే ఉంది. అర్థం సగమైనా తెలియకపోయినా, సుత్తిదెబ్బల చప్పుడు వింటూ పెరిగిన ఆ పిల్లవాడికి ఆ నడక ఎరిగినదానిలాగే తోచింది. ఆ మోజు వయస్సుతో పాటు పెరిగిందే కాని తగ్గలేదు.

పాటలన్నీ చేతి ఫోనులోకి వచ్చిన తరువాత అతడు ‘లాంగ్ ప్లాట్‌ఫాం’ అని తమ ఊరి పొడవైన రైల్వే ప్లాట్‌ఫారం పేరుతో ఇంటర్నెట్‌లో ఒక పేజీ తెరిచాడు. హౌరా నుంచి టాటానగర్ దాకా రైలుమార్గాన్ని ఆనుకుని ఉన్న ఊళ్ళలో ర్యాప్ పాడే యువకులకు లోటు లేదు. వారి పాటలను వినడం, విన్నదాన్ని గురించి హిందీలోనూ బెంగాలీలోనూ రాయడం, ఏడాదికొకసారి వారిలో మేటి పదిమందిని వరుసపెట్టి ప్రకటించడం ఆ పేజీ చేసే పని. మొదట్లో చదివేవారు అరుదు. క్రమంగా ఏబెల్ నిష్పక్షపాతి అన్న పేరు వ్యాపించి, ఆ వరుసకు ఒక విలువ ఏర్పడింది. సభలు నడిపేవారు, స్టూడియోలవారు కూడా దాన్ని చూసేవారు.

ఆ ప్రపంచంలో వివాదాలు ఎన్నడూ తెగేవి కావు. పదాల పొందిక గొప్పదా, పలుకులోని వేగం గొప్పదా? తన పాట తాను రాసుకోనివాడికి స్థానం ఇవ్వవచ్చునా? లక్షలమంది ఒకసారి చూసిన పాట మేలా, కొద్దిమంది పదేపదే విన్న పాట మేలా? ఈ ప్రశ్నలమీద ముక్కూ మొగం ఎరుగనివారు ఒకరినొకరు తల్లిదండ్రులతో సహా తిట్టుకునేవారు. ఏబెల్ అందులోకి దిగి ఓపికగా జవాబులు రాసేవాడు. పాటను చివరిదాకా వినకుండా అభిప్రాయం చెప్పడం, గేజి పెట్టకుండా చక్రాన్ని పాస్ చెయ్యడంతో సమానమని అతడి వాదం. లేతు యంత్రం మీద తరిగిన చక్రం అంచును గేజితో సరిచూడడమే అతడి ఉద్యోగం గనుక ఆ పోలిక సులువుగా నోటికి వచ్చేది. కాని అభిమానులకు కొలతతో పని లేదు. తమవాడు గెలవాలి, అంతకంటె ముఖ్యంగా ఎదుటివాడు ఓడాలి. ఒకడిని ప్రేమించడానికి మరొకడిని తొక్కవలసిన అవసరం ఏమిటో ఏబెల్‌కు చివరిదాకా బోధపడలేదు.

అతడితో ఒకే విభాగంలో పనిచేసే నూకరాజుకు ఇదంతా వేడుకగా ఉండేది. మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకునే వేళ అడిగేవాడు.

“ఏటి మాష్టారూ, ఈయేడు ఎవులికి పట్టం కడతన్నారు?”

“ఇంకా ఇనాల రాజూ. సగం మందివే ఇన్నాను.”

“ఇనడమేటండీ. ఇనకుండానే ఊరూవాడా కొట్టుకు సస్తన్నారు గదా. తమరొక్కరే ఎనకబడిపోనారు.”

ఇక చర్చి సంగతి. క్రిస్మస్‌కు ముందువచ్చే ఆదివారం నాడు అక్కడ ప్రేమవిందు జరుగుతుంది. పాటల పోటీ కూడా ఆ ఉదయమే. విందులో వడ్డించేవాడు తన ఇంటివారికి ఆఖరి పంక్తిలో, అందరి విస్తళ్ళూ నిండిన తరువాతనే వడ్డించాలి. అయినవాడికి ముందు పెట్టి, కానివాడికి ఖాళీ గిన్నె చూపించాడన్న మాట రాకూడదని తాతలనాడు పెట్టుకున్న కట్టుబాటు అది. కాలక్రమాన అదే కట్టుబాటు పాటల పోటీకి కూడా పాకింది. న్యాయనిర్ణేత తన ఇంటి పిల్లలకు అందరికంటె తక్కువ మార్కులు వేస్తాడు. తక్కిన న్యాయనిర్ణేతలు ఆ మార్కులను పక్కనపెట్టి, తమ మార్కులతోనే ఫలితం తేలుస్తారు. కనుక పిల్లవాడికి నష్టం లేదు, పెద్దవాడికి నింద లేదు. సొంత మేనమామ చేత ఆఖరి స్థానం పొందిన పిల్లవాడు మొదటి బహుమతి పట్టుకుని ఇంటికి వెళ్ళడం అక్కడ అందరూ ఎరిగిన ముచ్చట. ‘అయినవాళ్ళకు ఆకుల్లో, కానివాళ్ళకు కంచాల్లో’ అనే సామెతను లోకం నిందగా వాడుతుంది. ఆ చర్చివారు మాత్రం దాన్ని గొప్పగా చెప్పుకుంటారు.

అలా ఆఖరి స్థానంతో మొదటి బహుమతులు అందుకుంటూ పెరిగినవాడే జాన్ పాల్. ఏబెల్ అక్క సూసన్న కొడుకు. సుభాష్‌పల్లిలో వారి ఇల్లు. తండ్రి రైలుపట్టాల పనిలో ఉండి రిటైరయ్యాడు. జాన్ పాల్ రైల్వే పరీక్షలు రాసి రాసి విసిగి, ఊళ్ళోనే ఇందా పేటలో ఒక ఫోన్ల దుకాణంలో రిపేరు పని నేర్చుకుని, అక్కడే ఉండిపోయాడు. మేనమామ క్యాసెట్లు వింటూ పెరిగిన కుర్రవాడు గనుక పదహారో ఏటనే మాటలు కట్టసాగాడు. ఊరి స్టేషను పొట్టిపేరు ముందు చేర్చి ‘కేజీపీ పాల్’ అని పేరు పెట్టుకుని, ఇంట్లో మాట్లాడే తెలుగులో, బజారులో మాట్లాడే హిందీ బెంగాలీలు కలిపి పాడేవాడు. ఆ యేడు అతడు పెట్టిన పాటలో ఈ చరణం ఉంది:

తాత సుత్తి ఏసినాడు, అయ్య బోల్టు బిగించినాడు,
నానేటి సేయాల బోలో దాదా, గేటు మూసీసినాడు.

ఆ పాట అనిందిత అనే కలకత్తా యువతి చెవిన పడింది. చలికాలంలో అక్కడ జరిగే ర్యాప్ మేళాకు గాయకులను ఎంపిక చేసేది ఆమె. దాదాపు ఖాయమని, తమలో తాము ఇంకొక్క మాట అనుకుని చెబుతామని జాన్ పాల్‌కు కబురు పెట్టింది. ఖరగ్‌పూర్ దాటి అతడెక్కబోయే మొదటి వేదిక అది. సూసన్న కూడా ఆ కబురుమీదనే గడువు పెట్టింది.

“ఆ కలకత్తా మేళా దాకా సూస్తాను నాయనా. అది అయ్యిందా, నీ పాట నీది. అవ్వలేదా, విశాఖ ఎల్లి మీ బాబాయి కంపెనీలో సేరిపోవాల. మరింక నన్ను ఏడిపించకు.”

“అవుద్దమ్మా. ఆళ్ళే పిలుస్తన్నారు.”

“పిలుస్తన్నారు గాదు, పిలుత్తామన్నారు. రెండూ ఒకటి గాదు.”

జాన్ పాల్ నవ్వాడు కాని ఆ షరతుకు ఒప్పుకున్నాడు.

సరిగ్గా ఆ రోజులలోనే ఏబెల్ వార్షిక వరుసను సిద్ధం చేశాడు. మేనల్లుడి పాటను వదిలిపెట్టడానికి మనసు రాలేదు. పంక్తిలో కూర్చున్నవాడిని లేపి పంపడం కట్టుబాటు కాదు. ముందు పెట్టడం అంతకంటె తప్పు. అతడికి తెలిసిన దారి ఒక్కటే. ఎవరినీ అడగకుండా, మరొక ఆలోచన లేకుండా, పదవ స్థానంలో కేజీపీ పాల్ అని రాశాడు. తనకు ఏమవుతాడో రాయలేదు. చర్చిలో ఎన్నడూ రాయవలసిన పని లేకపోయింది గనుక ఇక్కడ కూడా తోచలేదు.

వరుస చూడగానే జాన్ పాల్ ఫోను చేశాడు.

“మావయ్యా, ఆకరి వడ్డన నాకేనా?”

“మరి నువ్వు మా ఇంటోడివి గదరా.”

“ఠీక్ హై. మా అమ్మకి మాత్రం సెప్పకు. ఈ ఆదివారం నీకు కూర ఎయ్యదు.”

ఇద్దరూ నవ్వుకున్నారు. వారి మధ్య ఏ అపార్థమూ లేదు. ఆ తరువాత జరిగినదాన్ని తలచుకున్నప్పుడల్లా ఏబెల్‌ను ఎక్కువగా బాధించింది ఆ నవ్వే.

వరుసలో మొదటి స్థానం హౌరా కుర్రవాడొకడికి దక్కింది. అతడి అభిమానులు పండుగ చేసుకున్నారు. పండుగకు ఒక బలి కావలసివచ్చింది. ‘కేజీపీ పాల్‌ను సొంత ఊరివాడే పదో స్థానంలో పడేశాడు, ఇక మేము చెప్పేదేముంది’ అని ఒకడు రాశాడు. మరొకడు ఆ చరణాన్ని వెక్కిరిస్తూ ఒక వీడియో చేశాడు. మూడు భాషలు కలిపి పాడడం కళ కాదని, ఒక్క భాష కూడా సరిగా రాని దరిద్రమని ఇంకొకడు తీర్పు చెప్పాడు. ఖరగ్‌పూర్ కుర్రవాళ్ళు ఎదురు తిట్టారు. జాన్ పాల్ ఎవరినీ ఏమీ అనలేదు. తన పాట కింద లెక్క మాత్రం చూస్తూ ఉండేవాడు. తగవు వేలమందికి చేరినా పాట విన్నవారి సంఖ్య పెరగలేదు. తిట్టినవారూ వినలేదు, వెనకేసుకొచ్చినవారూ వినలేదు.

అనిందిత నుంచి కబురు వచ్చింది. మొదటి అయిదుగురిలోనివారికే చోటిమ్మని డబ్బు పెట్టేవారు పట్టుబడుతున్నారనీ, ఖరగ్‌పూర్ పేజీయే పదవ స్థానం ఇచ్చినప్పుడు తాను వాదించడం కష్టమనీ ఆమె మర్యాదగానే రాసింది. ఆ సంగతి ఏబెల్‌కు చెప్పింది సూసన్న. చర్చి ఆవరణలో, ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వేసుకుంటున్నప్పుడు, తమ్ముడి చేయి పట్టుకుని పక్కకు తీసుకువెళ్ళి అడిగింది.

“నువ్వు సేసింది తప్పని అనను తమ్ముడా. ఇక్కడ అందరం అదే సేస్తాం. కానీ ఆకర్న ఎడితే మిగిలిన జడ్జీలు సూసుకునీవోరు. అక్కడ మిగిలిన జడ్జీలు ఎవులు?”

ఇన్నేళ్ళలో అతడికి ఎన్నడూ ఎదురుకాని ప్రశ్న అది.

ఆ మధ్యాహ్నమే, చర్చి బయటినుంచే అనిందితకు ఫోను చేశాడు. తాను జాన్ పాల్‌కు మేనమామనని, తమ చర్చిలో కట్టుబాటు ఇదని, పదవ స్థానానికి అర్థం వేరని, తనకు వచ్చిన బెంగాలీలో మొదటినుంచి చివరిదాకా వివరించాడు. ఆమె ఓపికగా విని, నొప్పించని గొంతుతోనే చెప్పింది.

“దాదా, అది మీ చర్చిలో. ఇక్కడ పదంటే పదే.”

ఏబెల్ ఇంటికి వచ్చి, భోజనం ముట్టకుండా కూర్చుని, తప్పును దిద్దడానికి పూనుకున్నాడు. దిద్దిన తీరే మొదటి తప్పును మించిపోయింది. పదినుంచి తీసి ఎక్కడ ఉంచాలో అతడికి తెలియలేదు. మధ్యలో ఎక్కడ ఉంచినా దానికి కారణం చెప్పాలి. చెప్పగలిగిన కారణం అతడి దగ్గర లేదు. చివరికి, ఇచ్చిన అవమానానికి సరితూగాలనుకున్నాడో ఏమో, మేనల్లుడిని మొదటి స్థానంలో పెట్టి, హౌరా కుర్రవాడిని రెండుకు దింపి, ‘సవరించిన వరుస’ అని ప్రకటించాడు.

మరునాడు వర్క్‌షాపులో నూకరాజు ఆ రోజుకు వేళాకోళం మాని, పక్కన కూర్చుని ఫోను చూపించాడు.

“మాష్టారూ, ఇది మీ ఫొటోయేనా?”

పాత క్రిస్మస్ నాటి ఫొటో. ఏబెల్, సూసన్న, మధ్యలో బహుమతి కప్పుతో జాన్ పాల్. ఎవరో జాన్ పాల్ పాత పోస్టులు తవ్వి బయటకు తీశారు. దానికింద, ‘మామ పేజీ, అల్లుడి కిరీటం’ అని రాసి ఉంది. అప్పటికే వేలమంది దాన్ని పంచుకున్నారు.

“తీసీండి మాష్టారూ, ఆ లిస్టు తీసీండి,” అన్నాడు నూకరాజు. “మనం తరిగిన సక్రం మనమే పాస్ సెయ్యకూడదని నాకు నేర్పినోరు మీరే గదా.”

“అందుకే గద రాజూ, ఆకర్న ఎట్టినాను.”

“ఆకర్న ఎట్టడం కూడా పాస్ సెయ్యడమే గదండీ. మనోడి పాటకి గేజి ముట్టుకోకుండా ఉండాల.”

ఏబెల్ ఆ సాయంత్రానికి వరుస తీసివేశాడు, మరి రెండు రోజులకు పేజీనే మూసివేశాడు. దానివల్ల ఒరిగింది లేదు. రెండు వరుసల బొమ్మలూ పక్కపక్కన అతికించి జనం తిప్పుకుంటూనే ఉన్నారు. ‘మామా ర్యాంకు’ అనే మాట ఒకటి పుట్టి, అర్హత లేనివాడికి దక్కిన స్థానానికి పేరుగా స్థిరపడింది. హిందీవారికీ బెంగాలీవారికీ కూడా మామ మామే గనుక అది అందరి నోళ్ళలోనూ ఇమిడింది. అనిందిత ఆ తరువాత జాన్ పాల్ సందేశాలకు బదులు ఇవ్వలేదు. మేళాకు వెళ్ళే గాయకుల పేర్లు ప్రకటించారు. అందులో అతడు లేడు.

ఒక ఆదివారం సాయంత్రం జాన్ పాల్ ఖరిదాలోని మేనమామ ఇంటికి వచ్చాడు. ఏబెల్ ఎదురువెళ్ళి, కుర్చీ లాగి వేశాడు. కుర్రవాడు కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడి, మేనమామ క్యాసెట్ల అట్టపెట్టెవైపు చూస్తూ మాట్లాడాడు.

“నీ మీద కోపం లేదు మావయ్యా. మన లెక్క నాకు తెలుసు. ఒక్క మాట అడగడానికి వచ్చినాను.”

“అడగరా.”

“పదీ వొద్దు, ఒకటీ వొద్దు. నిజంగా నీ సెవికి నానెక్కడ?”

ఏబెల్ వెంటనే చెప్పబోయి ఆగిపోయాడు. ఆ వరుసలోని తక్కిన తొమ్మిదిమందిలో ఎవరిని గురించి అడిగినా చెప్పగలడు. ఎవడికి ఊపిరి ఎక్కడ తెగుతుందో, ఎవడు పాత ప్రాసను తిప్పి తిప్పి వాడతాడో, ఎవడు చూడని దుఃఖాన్ని చూసినట్టు పాడతాడో అతడికి కంఠస్థం. మేనల్లుడిని మాత్రం అలా విన్నది ఎన్నడూ లేదు. ఆ పాట వచ్చినప్పుడు, తాత పేరు వచ్చిందని మురిసిపోయాడు, చరణం చివర గొంతు తడబడుతుందేమోనని భయపడ్డాడు, అంతే. ఆఖరి వడ్డన ముందే నిశ్చయమై ఉన్నవాడిని తూచవలసిన అవసరం అతడికి కలగలేదు. ఇప్పుడు మనస్సులో ఆ చరణాన్ని పలికించి తూచబోయాడు. చర్చి మెట్టుమీద నిలబడి పాడిన పిల్లవాడి గొంతు తప్ప మరొకటి వినిపించలేదు. ‘నువ్వే మొదటివాడివి’ అంటే మేనమామ మాట అవుతుంది. మరొక అంకె చెప్పాలంటే అది అబద్ధమవుతుంది. అబద్ధమాడడం అతడికి రాదు.

“తెలీదురా,” అన్నాడు.

జాన్ పాల్ గోడ విడిచి ఒక అడుగు ముందుకు వేశాడు.

“ఊరందరికీ తెలుసు. నీకే తెలీదా?”

ఏబెల్ తల వంచుకున్నాడు.

“ఠీక్ హై మావయ్యా,” అని, అడుగు బయటపెడుతూ, గుమ్మం దగ్గర ఉన్న ఆ క్యాసెట్ల పెట్టెను కాలు తగలకుండా పక్కకు జరిపి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే జాన్ పాల్ తన పాటలన్నిటినీ ఇంటర్నెట్ నుంచి తీసివేశాడు. ఏబెల్‌కు ఆ సంగతి తెలిసింది, ఆ పాటను ఒక్కసారి, మేనమామగా కాక, కళ్ళు మూసుకుని, పరాయివాడి పాటగా వినాలని కూర్చున్న రోజున. ఎంత వెతికినా దొరకలేదు. తన దగ్గర దాచుకోవాలని అతడికి ఎన్నడూ తోచలేదు. ఇంటి పాట ఎక్కడికి పోతుందనుకున్నాడు. వెక్కిరింత వీడియోలో మాత్రం ఆ చరణం సగం ముక్క మిగిలి ఉంది. ‘తాత సుత్తి ఏసినాడు’ అన్నంతలో వెనకనుంచి నవ్వులు వచ్చి గొంతును ముంచేస్తాయి. ఏబెల్ ఆ ముక్కను పదేపదే విన్నాడు. నవ్వుల వెనక ఊపిరి నిలకడగా ఉందో లేదో తేల్చుకోలేకపోయాడు. తగవులు, తీర్పులు, బొమ్మలు, తిట్లు అన్నీ ఎక్కడివక్కడ పదిలంగా ఉన్నాయి. అవన్నీ ఏ పాటను గురించి పుట్టాయో ఆ పాట ఒక్కటే ఈ లోకంలో లేదు. అక్కను అడగడానికి మొగం చెల్లలేదు. మేనల్లుడిని అడగడానికి నోరు రాలేదు.

క్రిస్మస్ ముందు ఆదివారం వచ్చింది. పాటల పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చోమని చర్చి పెద్దలు ఎప్పటిలాగే పిలిచారు. ఏబెల్ ఈ యేడు తనవల్ల కాదని చెప్పి తప్పించుకున్నాడు. వడ్డనకు మాత్రం వెళ్ళకతప్పలేదు. జాన్ పాల్ మరునాటి బండికి విశాఖ వెళుతున్నాడని, విందుకు వస్తాడని సూసన్న చెప్పింది.

ఏబెల్ పలావు గిన్నె పట్టుకున్నాడు. మొదటి పంక్తి, ఆ వెనక పంక్తులు, ముసలివారు, పిల్లలు, ఇందానుంచి వచ్చిన బెంగాలీ అతిథులు, అందరికీ వంగి వంగి వడ్డించాడు. గిన్నె అడుగున, ముక్కలు ఎక్కువగా ఉన్న భాగాన్ని గరిటెతో పక్కకు తీసి ఉంచుకున్నాడు. ఆఖరి పంక్తి చివర సూసన్న కూర్చుంది. ఆమె పక్కన ఒక విస్తరి వేసి ఉంది, దాని ముందు ఎవరూ లేరు.

“ఆడేడీ అప్పా?”

సూసన్న తల ఎత్తకుండా, తన విస్తరిమీద నీళ్ళు చిలకరించుకుంటూ చెప్పింది.

“ఆడు మొదటి పంక్తిలోనే తినీసి ఎల్లిపోనాడు తమ్ముడా. నువ్వు అటు గోడవారన వడ్డిస్తన్నప్పుడు, ఇటు ఇంకెవులో వడ్డించినారు.”

ఏబెల్ గిన్నె దించి అక్క విస్తట్లో రెండు గరిటెలు వేశాడు. పక్క విస్తరి ముందు వంగి, గరిటె ముంచి, ఒక క్షణం ఆగి, తిరిగి గిన్నెలోనే వదిలాడు. చర్చి లోపలినుంచి పాటల పోటీ ఫలితాలు చదవడం వినిపించింది. ఆఖరి పేరు దాకా చదివి, మైకు ఆపేశారు.